సి భాషలో ఫ్లోట్ నుంచి ఎక్స్‌పొనెంట్ తీయడం: 11 కరెక్టా, 12 కరెక్టా, 138 కరెక్టా?

తిరుపతిలో మా మేడ మీది గదిలో సాయంత్రాలు సి ట్యూషన్ చెబుతాను. ఒకరోజు ముగ్గురికి ఒకే లెక్క ఇచ్చాను. అలిపిరి మెట్లు 3550 కదా, దాన్ని ఫ్లోట్‌లో పెట్టి ఎక్స్‌పొనెంట్ ఎంతో ప్రింట్ చేయమన్నాను. ఒకరికి 11, ఒకరికి 12, ఇంకొకరికి 138 వచ్చాయి. వెనక బెంచీలో నాలుగో అబ్బాయి ఏ ప్రోగ్రామూ రాయకుండా మామూలు ప్రింట్‌ఎఫ్‌తోనే 3 అని తేల్చేశాడు. "అన్నా, నాది ఒక్కటే తప్పుగా వస్తా ఉంది" అని 12 వచ్చిన అమ్మాయి దిగులు పడింది.

నాలుగూ కరెక్టే. ఆ తర్వాత ఇదే సందేహం ఫోన్‌లో, మెసేజుల్లో ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందుకే ఒకచోట కూర్చుని మొత్తం రాస్తున్నాను.

ఒక చిన్న మాట. ప్రోగ్రామ్ లైన్లను కూడా మనం నోటితో పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. టైప్ చేసేటప్పుడు మామూలు ఇంగ్లీషు స్పెల్లింగులే వాడండి. స్పెల్లింగ్ దగ్గర తడబాటు రావచ్చనుకున్నచోట అక్షరాలు విడదీసి చెప్పాను.

1. ముందు తేల్చుకోండి: మీకు కావాల్సింది ఏ ఎక్స్‌పొనెంట్?

తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. ఎక్స్‌పొనెంట్, అంటే స్కూల్లో చదివిన ఘాతాంకం, ఒకే సంఖ్యకు నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

అసలు ఎక్స్‌పొనెంట్: సంఖ్యను "1 పాయింట్ ఏదో × 2 పవర్ ఎంతో" అని రాస్తే వచ్చే ఆ "ఎంతో". 3550 అంటే 1.7333984375 × 2 పవర్ 11. కాబట్టి ఇది 11.

నిలవ ఎక్స్‌పొనెంట్: మెమరీలో నిజంగా ఉండే అంకె. ఫ్లోట్‌లో అసలు దానికి 127 కలిపి దాస్తారు. ఈ 127నే బయాస్ అంటారు. 11 + 127 = 138.

ఫ్రెక్స్‌పీ ఎక్స్‌పొనెంట్: ఫ్రెక్స్‌పీ అనే లైబ్రరీ ఫంక్షన్ ముందు భాగాన్ని 0.5కీ 1కీ మధ్య ఉంచుతుంది. 0.5 రావచ్చు, 1 మాత్రం రాదు. 3550 అంటే 0.86669921875 × 2 పవర్ 12. అందుకే 12.

దశాంశ ఎక్స్‌పొనెంట్: 3.55 × 10 పవర్ 3. ఇది 3.

ప్రశ్న మీ లెక్చరర్‌దైనా, క్లయింట్‌దైనా ముందు అడిగేయండి: "నిలవదా, అసలుదా?" అని. కాగితం మీద ఆ ఒక్క మాట రాసుకున్నాకే కీబోర్డు ముట్టుకోండి. ఆ అమ్మాయి చేసిన తప్పల్లా ఫ్రెక్స్‌పీ వాడి, పక్కనున్న ఐలాగ్‌బి (అసలు ఎక్స్‌పొనెంట్ ఇచ్చే ఫంక్షన్) జవాబుతో పోల్చుకోవడమే.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

ముందుగా మీ కంపైలర్ ఏదో చూసుకోండి. కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ ఆ నీలం తెర టర్బో సి కనిపిస్తుంది. అందులో ఫ్రెక్స్‌పీ ఉంది కానీ ఐలాగ్‌బి లేదు. అది 1999 నాటి సి ప్రమాణంతో వచ్చింది. పైగా అక్కడ ఇంట్ అంటే 16 బిట్లే, ఫ్లోట్ మాత్రం 32. దాన్ని ఇంట్‌లోకి కాపీ చేస్తే సగం బయటే ఉండిపోతుంది. ఆ ల్యాబులో అన్‌సైన్డ్ లాంగ్ వాడండి. ఇంట్లో చేసేవాళ్లు జీసీసీ కంపైలర్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

☐ మ్యాథ్ డాట్ హెచ్, స్ట్రింగ్ డాట్ హెచ్, స్టడ్‌ఇంట్ డాట్ హెచ్, ఫ్లోట్ డాట్ హెచ్ నాలుగూ ఇన్‌క్లూడ్ చేశారా
☐ సైజాఫ్ ఫ్లోట్ ప్రింట్ చేస్తే 4 వస్తోందా
☐ ఎఫ్ఎల్‌టీ_మాంట్_డిగ్ 24, ఎఫ్ఎల్‌టీ_మ్యాక్స్_ఎక్స్‌ప్ 128 వస్తున్నాయా
☐ లినక్స్ అయితే కంపైల్ లైన్ చివర మ్యాథ్ లైబ్రరీ జోడించారా (మైనస్, ఎల్, ఎమ్: ఫైల్ పేరు తర్వాతే, ముందు కాదు)
☐ వార్నింగులన్నీ చూపించే ఆప్షన్లు ఆన్ చేశారా

మూడో గడిలో ఒక మెలిక ఉంది. ఫ్లోట్‌లో అతి పెద్ద అసలు ఎక్స్‌పొనెంట్ 127 అయితే ఈ 128 ఎక్కడిది? ఫ్లోట్ డాట్ హెచ్ కూడా ఫ్రెక్స్‌పీ పద్ధతిలోనే లెక్కపెడుతుంది, అంటే ఒకటి ఎక్కువ. అలాగే మామూలు సంఖ్యలకు కనిష్ఠం మైనస్ 125 అని చూపిస్తుంది, అసలుది మైనస్ 126. ఈ హెడర్ విలువలతో మీ జవాబును పోల్చుకునేటప్పుడు ఆ ఒకటిని మరవకండి.

3. కాగితం మీద ఒక్కసారి

ఇది దాటేసి నేరుగా కోడ్‌కు వెళ్లేవాళ్లే తర్వాత ఎక్కువ అవస్థ పడతారు. పది నిమిషాల పని.

3550ని 2తో భాగిస్తూ పోండి, 1కీ 2కీ మధ్యకు వచ్చేదాకా. 1775, 887.5, 443.75, 221.875, 110.9375, 55.46875, 27.734375, 13.8671875, 6.93359375, 3.466796875, 1.7333984375. పదకొండు సార్లు. జవాబు 11.

1 కంటే చిన్న సంఖ్యకు తిరగేసి 2తో గుణించాలి. 175 గ్రాముల లడ్డూ అంటే 0.175 కిలో. 0.35, 0.7, 1.4. మూడు సార్లు గుణించాం, కాబట్టి మైనస్ 3. నిలవ 127 నుంచి 3 తీసేస్తే 124.

ఇప్పుడు బిట్లు. 3550 బైనరీలో 110111011110. మొదటి 1 తర్వాత పాయింట్ పెడితే 1.10111011110 × 2 పవర్ 11. ఫ్లోట్‌లోని 32 బిట్లు ఇలా సర్దుకుంటాయి:

గుర్తు (1 బిట్): 0
ఎక్స్‌పొనెంట్ (8 బిట్లు): 10001010, అంటే 138
మాంటిస్సా, అంటే పాయింట్ తర్వాతి భాగం (23 బిట్లు): 10111011110 తర్వాత పన్నెండు సున్నాలు

పాయింట్‌కు ముందున్న 1 ఎక్కడా కనిపించదు, గమనించారా? మామూలు సంఖ్యలకు అది ఎప్పుడూ 1 కాబట్టి దాన్ని మెమరీలో నిలవ చేయరు. ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో ఇలా నిర్ణయించింది, 24 బిట్ల పనిని 23 బిట్లతో సరిపెట్టింది. ఈ కనిపించని 1 సంగతి సబ్‌నార్మల్ (అతి చిన్న) సంఖ్యల దగ్గర మళ్లీ వస్తుంది.

శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2388. దాన్ని కూడా ఇలాగే చేసి చూడండి. 1.166015625 × 2 పవర్ 11. రెండు నడకదారులకూ ఎక్స్‌పొనెంట్ ఒకటే, తేడా అంతా మాంటిస్సాలోనే. 2048 నుంచి 4096కు లోపు ఏ సంఖ్యకైనా అంతే.

4. సులువైన దారి: లైబ్రరీ

ప్రత్యేక కారణం లేకపోతే ఇక్కడితో ఆగిపోవచ్చు. నన్నడిగితే నూటికి తొంభై పనులకు ఇదే చాలు.

ఐలాగ్‌బి (ఐ, ఎల్, ఓ, జి, బి) అసలు ఎక్స్‌పొనెంట్‌ను ఇంట్‌గా ఇస్తుంది:

ఇంట్ ఇ = ఐలాగ్‌బిఎఫ్(ఎక్స్);

చివర ఎఫ్ ఉంటే ఫ్లోట్‌కు, ఏమీ లేకపోతే డబుల్‌కు. ఫ్లోట్‌ను డబుల్ ఫంక్షన్‌కు ఇచ్చినా జవాబు మారదు. తిరగేసి డబుల్‌ను ఎఫ్ ఉన్నదానికి ఇస్తే మాత్రం మోసపోతారు. 0.99999999ని డబుల్‌గా అడిగితే మైనస్ 1. ఎఫ్ ఫంక్షన్‌కు ఇచ్చేసరికి అది గుండ్రమై సరిగ్గా 1.0 అయిపోతుంది, జవాబు 0.

ఫ్రెక్స్‌పీ (ఎఫ్, ఆర్, ఇ, ఎక్స్, పి) రెండు జవాబులు ఇస్తుంది. ముందు భాగాన్ని రిటర్న్ చేసి, ఎక్స్‌పొనెంట్‌ను మీరిచ్చిన అడ్రసులో వేస్తుంది:

ఇంట్ ఇ;
డబుల్ ముందు = ఫ్రెక్స్‌పీ(ఎక్స్, &ఇ);

ఆ & గుర్తు మరిచిపోవద్దు. కొందరు "పాయింటర్ కావాలంది కదా" అని ఇంట్ పాయింటర్ ఒకటి డిక్లేర్ చేసి, దానికి ఏ అడ్రసూ ఇవ్వకుండానే పంపేస్తారు. ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది. నడిచిన రోజే ప్రమాదం.

అసలు ఎక్స్‌పొనెంట్ కావాలంటే ఫ్రెక్స్‌పీ ఇచ్చినదాంట్లో 1 తీసేయండి. సున్నాకు మాత్రం అలా తీయొద్దు. ఫ్రెక్స్‌పీకి సున్నా ఇస్తే రెండు జవాబులూ 0 వస్తాయి. దాంట్లో 1 తీసి మైనస్ 1 అని రాసుకుంటే, ముప్పావు కిలోకూ ఖాళీ కాటాకూ తేడా లేకుండా పోతుంది. ఎందుకంటే 0.75 అసలు ఎక్స్‌పొనెంట్ మైనస్ 1.

5. బిట్లలోంచి నేరుగా తీయడం

మైక్రోకంట్రోలర్ మీద మ్యాథ్ లైబ్రరీ బరువైపోతుందనుకున్నా, నిలవ అంకే కావాలన్నా, పరీక్షలో ఇదే అడిగినా ఈ దారి.

5.1 బిట్లను ఇంటీజర్‌లోకి తెచ్చుకోవడం

ఇంటీజర్ వేరియబుల్‌కు ఫ్లోట్‌ను మామూలుగా అసైన్ చేస్తే విలువ వస్తుంది, బిట్లు రావు. 3550.0 ఇస్తే 3550 వస్తుంది. మనకు కావాల్సింది లోపలి 32 బిట్లు ఉన్నవున్నట్టుగా. దానికి మెమ్‌కాపీ (ఎం, ఇ, ఎం, సి, పి, వై):

యూఇంట్32_టి బి;
మెమ్‌కాపీ(&బి, &ఎక్స్, సైజాఫ్ బి);

ఇప్పుడు బి విలువ ప్రింట్ చేస్తే 1163780096 రావాలి. అది వస్తే సగం పని అయిపోయినట్టే. 3550 కనిపిస్తే మీరు కాపీ చేయలేదు, అసైన్ చేశారు.

మన పాత నోట్సుల్లో, సీనియర్ల రికార్డుల్లో ఉండే పద్ధతి వేరు: ఫ్లోట్ అడ్రసును ఇంట్ పాయింటర్‌గా కాస్ట్ చేసి, స్టార్ పెట్టి చదవడం. చూడ్డానికి పొట్టిగా, తెలివిగా ఉంటుంది. కానీ ఒక రకం వస్తువును ఇంకో రకం పాయింటర్‌తో చదవనని మీరు మాటిచ్చినట్టే కంపైలర్ నమ్ముతుంది. ఆప్టిమైజేషన్ లేనప్పుడు సరైన జవాబే వస్తుంది. ఓ2 అనే ఆప్టిమైజేషన్ ఆప్షన్ పెట్టగానే, ఆ ఇంట్ చదవడానికీ పైన ఫ్లోట్‌లో రాయడానికీ సంబంధం లేదనుకుని ఆ రెండిటి వరుస మార్చే హక్కు కంపైలర్‌కు ఉంది. "ల్యాబ్‌లో వచ్చింది సార్, ఇక్కడ రావట్లేదు" అనే కేసుల్లో ఇదొకటి.

మెమ్‌కాపీ అంటే ఫంక్షన్ కాల్ కదా, నెమ్మది అవుతుందేమో అని అడుగుతారు. నాలుగు బైట్ల కాపీని ఇప్పటి కంపైలర్లు ఆప్టిమైజేషన్‌లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తాయి. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

యూనియన్ కూడా వాడొచ్చు. ఒక యూనియన్‌లో ఫ్లోట్, యూఇంట్32_టి పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో రాసి ఇంకోదాంట్లో చదవడం సి భాషలో చెల్లుతుంది. అదే కోడ్ రేపు సి ప్లస్ ప్లస్‌లోకి వెళ్తే చెల్లదు. మెమ్‌కాపీ రెండుచోట్లా పనిచేస్తుంది కాబట్టి నేను అదే నేర్పిస్తాను.

5.2 జరపడం, మూసేయడం

ఎక్స్‌పొనెంట్ కింద 23 మాంటిస్సా బిట్లు ఉన్నాయి. వాటిని కుడివైపు నెట్టేయాలి. పైన గుర్తు బిట్ ఒకటి మిగులుతుంది. దాన్ని మాస్క్‌తో మూసేయాలి.

నిలవ = (బి >> 23) & 255;
అసలు = (ఇంట్)నిలవ - 127;

255 అంటే ఎనిమిది 1లు. ఆ ఎనిమిది బిట్లనే ఉంచి మిగతావి సున్నా చేస్తుంది.

ఈ మాస్క్‌ను మరిచిపోయినా 3550కి సరైన జవాబే వస్తుంది. ప్లస్ సంఖ్యలకు పై బిట్ సున్నాయే కాబట్టి తప్పు బయటపడదు. మైనస్ 3550 ఇచ్చి చూడండి, నిలవ 394 వస్తుంది (138 + 256), అసలు 267 అవుతుంది. బి ని మామూలు ఇంట్‌గా పెట్టుకుని ఉంటే ఇంకా వింత: చాలా మెషీన్లలో మైనస్ 118 కనిపిస్తుంది. అందుకే పరీక్షించేటప్పుడు ఒక మైనస్ సంఖ్య తప్పనిసరి.

రెండో లైన్‌లో (ఇంట్) అని కాస్ట్ ఎందుకంటే, నిలవ అన్‌సైన్డ్ కదా. 124 నుంచి 127 తీసేస్తే అన్‌సైన్డ్‌లో మైనస్ 3 అనేది ఉండదు. 4294967293 అనే పెద్ద సంఖ్య వస్తుంది. దాన్నే ఇంట్‌లో వేసి %డి తో ప్రింట్ చేస్తే మైనస్ 3 గానే కనబడి బతికిపోతారు. 64 బిట్ల వేరియబుల్‌లో వేసినా, "సున్నా కంటే తక్కువా" అని ఇఫ్‌లో పోల్చినా దొరికిపోతారు.

5.3 బిట్‌ఫీల్డ్ స్ట్రక్చర్ గురించి

స్ట్రక్చర్‌లో 23, 8, 1 అని బిట్‌ఫీల్డులు రాసుకుని యూనియన్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. చదవడానికి బాగుంటుంది. కానీ ఏ ఫీల్డ్ కింద ఉండాలి, ఏది పైన ఉండాలి అనేది కంపైలర్ ఇష్టం. మీ మెషీన్ మీద నడిచింది ఇంకోచోట తిరగబడొచ్చు. వివరించడానికి వాడండి, ఇచ్చే కోడ్‌లో వద్దు.

6. సున్నా, సబ్‌నార్మల్, ఇన్ఫినిటీ, నాన్

నిలవ అంకె 1 నుంచి 254 దాకా ఉంటేనే పై లెక్క నిజం. 0, 255 రెండూ ప్రత్యేకం.

నిలవ 255, మాంటిస్సా సున్నా: ఇన్ఫినిటీ.
నిలవ 255, మాంటిస్సాలో ఏదైనా ఉంటే: నాన్, అంటే సంఖ్యే కానిది.
నిలవ 0, మాంటిస్సా సున్నా: సున్నా. మైనస్ సున్నా కూడా ఉంటుంది, గుర్తు బిట్ 1 తో.
నిలవ 0, మాంటిస్సాలో ఏదైనా ఉంటే: సబ్‌నార్మల్.

ఇవి అరుదు కదా అని నేనూ ఒకప్పుడు తేలిగ్గా తీసుకున్నాను. చిత్తూరు వైపు ఒక మామిడి మండీలో కాటా రీడింగులను బరువుల వారీగా లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. కిలోల్లో వచ్చిన బరువుకు ఐలాగ్‌బి వేసి, వచ్చిన జవాబునే నేరుగా ఎరే ఇండెక్స్‌గా పెట్టాను. 1 నుంచి 2 కిలోల దాకా ఒక గది, 2 నుంచి 4 దాకా ఒక గది, అలా. ఇంట్లో తోతాపురి, బేనీషా కాయలు తూచి చూస్తే బ్రహ్మాండంగా నడిచింది.

మండీలో మొదటిరోజే పడిపోయింది. కాటా మీద ఏమీ లేనప్పుడు రీడింగ్ 0. ఐలాగ్‌బి సున్నాకు ఇచ్చిన జవాబు మైనస్ 2147483648. ఎరేలో అన్నో గది! సున్నాను వడకట్టే ఇఫ్ ఒకటి పెట్టి, అయిపోయిందనుకున్నాను.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. కాటా ఒక్కోసారి ఖాళీగా ఉన్నా 0.02 అని చూపించేది. దాని ఎక్స్‌పొనెంట్ మైనస్ 6. ప్రోగ్రామ్ పడిపోలేదు, ఎరేకు ముందున్న మెమరీలో ఎక్కడో ఒకటి కలుపుకుంటూ పోయింది. అక్కడ మొత్తం కాయల లెక్క ఉంది. సాయంత్రానికి లెక్క తేలక రైతుల ముందు నేను నీళ్లు నమలాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎక్స్‌పొనెంట్‌ను ఇండెక్స్‌గా వాడే ముందు రెండు వైపులా హద్దు చూడకుండా వదలను.

ఐలాగ్‌బి సున్నాకు, నాన్‌కు ఇచ్చే జవాబులు మెషీన్‌ను బట్టి మారతాయి. ఎఫ్‌పి_ఐలాగ్‌బి0, ఎఫ్‌పి_ఐలాగ్‌బినాన్ అనే పేర్లతో పోల్చాలే తప్ప అంకెతో పోల్చకూడదు. కొన్నిచోట్ల ఈ రెండూ ఒకటే అయ్యే వీలుంది కాబట్టి, ముందే ఎక్స్ విలువను పరీక్షించడం ఇంకా మేలు. ఇన్ఫినిటీకి మాత్రం ఇంట్‌లో పట్టే అతి పెద్ద విలువ వస్తుంది. ఫ్రెక్స్‌పీ అయితే ఇన్ఫినిటీకి, నాన్‌కు ఎక్స్‌పొనెంట్ గదిలో ఏం వేస్తుందో ప్రమాణం చెప్పదు. అది చదవకండి.

సబ్‌నార్మల్ ఎలా తీయాలి?

ఇక్కడ ముందున్న కనిపించని 1 లేదు, 0 ఉంది. నిలవ 0 అయినా లెక్క మొదలయ్యేది మైనస్ 127 నుంచి కాదు, మైనస్ 126 నుంచి. దీన్ని చాలామంది తప్పు రాస్తారు. చేయాల్సింది ఇది:

ఒకటి, మాంటిస్సాను విడిగా తీసుకోండి: మా = బి & 8388607.
రెండు, ఇ = -126 తో మొదలుపెట్టండి.
మూడు, మా లో 24వ బిట్ (విలువ 8388608) 1 అయ్యేదాకా ఎడమవైపు ఒక్కో బిట్ జరుపుతూ, జరిపిన ప్రతిసారీ ఇ లో 1 తగ్గించండి.

మా లో ఒక్క కింది బిట్ మాత్రమే ఉంటే 23 సార్లు జరపాలి, జవాబు మైనస్ 149. ఫ్లోట్‌లో అంతకంటే చిన్న సంఖ్య లేదు. సున్నాను ముందే వడకట్టకుండా ఈ లూప్‌లోకి పంపితే ఎంత జరిపినా 1 రాదు. ప్రోగ్రామ్ అక్కడే తిరుగుతూ ఉంటుంది, మీరు కంట్రోల్ సి నొక్కేదాకా.

లైబ్రరీ వాడితే ఈ శ్రమ ఏదీ లేదు. ఐలాగ్‌బి, ఫ్రెక్స్‌పీ రెండూ సబ్‌నార్మల్‌ను సరిగ్గానే చూసుకుంటాయి.

7. లాగ్‌తో తీస్తే ఏమవుతుంది?

"లాగ్2 తీసి ఇంట్‌గా మార్చేస్తే అయిపోతుంది కదన్నా?" ఇది ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే ప్రశ్న.

మొదటి చిక్కు: ఇంట్‌గా మార్చడం సున్నా వైపు కత్తిరిస్తుంది. 0.75కి లాగ్2 సుమారు మైనస్ 0.415, ఇంట్ చేస్తే 0. రావాల్సింది మైనస్ 1. దీనికి ఫ్లోర్ వాడితే సరిపోతుంది.

రెండో చిక్కుకు ఫ్లోర్ కూడా పనికిరాదు. 16777215 తీసుకోండి, 2 పవర్ 24 కంటే ఒకటి తక్కువ. ఇది ఫ్లోట్‌లో కచ్చితంగా పడుతుంది, అసలు ఎక్స్‌పొనెంట్ 23. దాని లాగ్ 24 కంటే సుమారు కోటిలో ఒక వంతు తక్కువ. 24 దగ్గర ఫ్లోట్‌కు అంత సన్నటి తేడా పట్టదు, అందుకే లాగ్2ఎఫ్ గుండ్రం చేసి 24 అంటుంది. ఫ్లోర్ చేసినా 24. డబుల్ లాగ్ వాడితే ఈ ఒక్క సంఖ్య గట్టెక్కుతుంది కానీ, డబుల్‌కూ ఇలాంటి సంఖ్యలు పైన ఉన్నాయి.

8. డబుల్‌కు మార్చుకోవడం

వరుస అంతా అదే, అంకెలే వేరు. యూఇంట్64_టి తీసుకోండి, 52 జరపండి, 2047తో మాస్క్ చేయండి, 1023 తీసేయండి. ప్రత్యేక విలువలు 0, 2047. సబ్‌నార్మల్ లెక్క మైనస్ 1022 నుంచి మొదలు. 64 బిట్ల వేరియబుల్ మరిచిపోయి 32 బిట్లదాన్ని 52 జరిపితే దానికి సి లో అర్థమే లేదు, ఏ చెత్తయినా రావచ్చు.

లాంగ్ డబుల్ జోలికి బిట్లతో వెళ్లకండి. ఇంటెల్ మెషీన్ మీద జీసీసీలో అది 80 బిట్లు, ముందున్న 1 కూడా అందులో కనబడుతుంది. విజువల్ సి లో అది డబుల్‌తో సమానం. అక్కడ ఐలాగ్‌బిఎల్ వాడి ఊరుకోండి.

9. జవాబు తప్పు వస్తే ఎక్కడ వెతకాలి

జవాబు ఒకటి ఎక్కువ: ఫ్రెక్స్‌పీ వాడారు. 1 తీసేయండి.

127 ఎక్కువ: బయాస్ తీయలేదు.

256 ఎక్కువ, అదీ మైనస్ సంఖ్యలకు మాత్రమే: మాస్క్ లేదు.

చాలా సంఖ్యలకు మైనస్ 127: బిట్లు కాపీ చేయకుండా విలువ అసైన్ చేశారు. 3550 ని 23 జరిపితే మిగిలేది సున్నాయే.

చిన్న సంఖ్యలకు 400 కోట్ల పైచిలుకు: అన్‌సైన్డ్ తీసివేత. కాస్ట్ చూడండి.

లింక్ చేసేటప్పుడు "ఐలాగ్‌బి ఎవరో తెలియదు" అని ఎర్రర్: మ్యాథ్ లైబ్రరీ జోడించలేదు, లేదా ఫైల్ పేరుకు ముందు జోడించారు.

ఓ2తో మాత్రమే తప్పు: పాయింటర్ కాస్ట్ ఎక్కడుందో వెతకండి.

నాన్ పరీక్ష పనిచేయడం లేదు: ఫాస్ట్ మ్యాథ్ ఆప్షన్ పెట్టారేమో చూడండి. అది పెడితే నాన్ అనేదే రాదని కంపైలర్ అనుకుంటుంది. నిలవ 255, మాంటిస్సా సున్నా కాదు అని బిట్లతో చూసే పరీక్షకు ఆ ఇబ్బంది లేదు.

10. పరీక్షించడం

ముందు ఈ చిన్న జాబితా. వరుసగా అసలు, నిలవ, ఫ్రెక్స్‌పీ:

☐ 1.0: 0, 127, 1
☐ 0.75: -1, 126, 0
☐ 0.175: -3, 124, -2
☐ 3550: 11, 138, 12
☐ -3550: 11, 138, 12
☐ 16777215: 23, 150, 24
☐ 10 పవర్ మైనస్ 40, ఫ్లోట్‌గా: -133, 0, -132
☐ 0.0, -0.0, ఇన్ఫినిటీ, నాన్: మీ ప్రోగ్రామ్ "ఎక్స్‌పొనెంట్ లేదు" అని చెప్పాలి, పడిపోకూడదు

ఏడో గడిలో మైనస్ 127 వస్తే సబ్‌నార్మల్ భాగం నడవడం లేదన్నమాట.

ఫ్లోట్‌తో ఒక అదృష్టం ఉంది: ఉన్నవన్నీ పరీక్షించేయొచ్చు. 32 బిట్లతో ఏర్పడేవి మొత్తం 4294967296. ఇప్పటి ల్యాప్‌టాప్ మీద ఓ2తో కంపైల్ చేస్తే, టీ తాగి వచ్చేలోగా అన్నీ తిరిగేస్తుంది. సున్నా నుంచి లెక్కపెడుతూ, ప్రతి ఇంటీజర్‌నూ మెమ్‌కాపీతో ఫ్లోట్‌లోకి మార్చి, మీ ఫంక్షన్ జవాబునూ ఐలాగ్‌బిఎఫ్ జవాబునూ పోల్చండి. తేడా వచ్చిన మొదటి పది ప్రింట్ చేసి ఆపేయండి.

లూప్ కౌంటర్‌ను మాత్రం 64 బిట్లది పెట్టండి. 32 బిట్లది పెట్టి "4294967295 దాకా" అంటే, చివరికి చేరాక ఒకటి కలపగానే మళ్లీ సున్నాకు వెళ్తుంది. టీ కాదు, భోజనం చేసి వచ్చినా తిరుగుతూనే ఉంటుంది. మా గదిలో ఒకరి ల్యాప్‌టాప్ ఫ్యాను అలా గంటసేపు మోగింది.

11. దశాంశ ఎక్స్‌పొనెంట్ కావాల్సినవాళ్లకు

ఆ నాలుగో అబ్బాయి చేసింది ఇదే. ప్రింట్‌ఎఫ్‌లో %ఇ పెడితే 3550కి 3.550000ఇ+03 అని వస్తుంది. చివరి అంకె చూసి 3 అన్నాడు. ప్రోగ్రామ్‌లో కావాలంటే ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో ఒక స్ట్రింగ్‌లో రాయించి, ఇ అక్షరం తర్వాతి భాగాన్ని స్ట్రటాల్ (ఎస్, టి, ఆర్, టి, ఓ, ఎల్) ఫంక్షన్‌తో ఇంటీజర్‌గా చదవండి.

ఒక్కటి చూసుకోండి. మామూలు %ఇ పాయింట్ తర్వాత ఆరు అంకెలే చూపిస్తుంది. డబుల్‌లో 999.9999999 ఉంటే అది గుండ్రమై 1.000000ఇ+03 అవుతుంది, 2 రావాల్సినచోట 3 వస్తుంది. డబుల్‌కు పాయింట్ తర్వాత 16 అంకెలు, ఫ్లోట్‌కు 8 అంకెలు అడగండి.